తీరిక వేళ: ఆకుపచ్చ తీగ

కిందటి నెల మంచు ఊడ్చేవాళ్ళ గుండె గురించి రాశాను. అది చదివి ముగ్గురు ఫోన్ చేశారు. ఇద్దరు తమ ఛాతీ నొప్పి సంగతి చెప్పుకున్నారు. మూడో ఆయన మాత్రం, "ఎప్పుడూ జబ్బులేనా డాక్టరు గారూ, ఈసారి ఏదైనా సరదా సంగతి రాయండి" అన్నారు. సరే, సరదా సంగతే రాస్తాను. సెంట్ క్లెయిర్ సరస్సు మీద మంచు కరిగింది. చలికాలమంతా తెల్లటి ప్లాస్టిక్ దుప్పట్లు కప్పుకొని ఒడ్డున పడుకున్న పడవలు మళ్ళీ నీళ్ళలోకి దిగే రోజులు వచ్చాయి. మనవాళ్ళలో పడవలు కొన్నవారు కూడా ఏటేటా కనబడుతూనే ఉన్నారు. కాబట్టి ఈ నెల విషయం పడవలో వైర్లు: రేడియోకి, జి.పి.ఎస్. కి, నీటి కింద చేపల్ని చూపించే యంత్రానికి వైర్లు ఎలా వేయాలి, ముఖ్యంగా ఎర్త్ ఎక్కడ కలపాలి అన్నది. చివరికి వచ్చేసరికి మళ్ళీ ఆసుపత్రి వాసన కొడితే మన్నించాలి.

మా పడవ 24 అడుగులది. ఫైబర్ గ్లాసు పడవ, సెకండ్ హాండు. ముందు భాగంలో నలుగురు ఒదిగి కూర్చునేపాటి చిన్న గది, ఒక బుల్లి సింకు, దానికి వేడినీళ్ళ హీటరు. నేనూ మా బావగారూ, అంటే మా అక్కయ్య భర్త, చెరిసగం వేసుకొని కొన్నాం. ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. కొన్న రోజే పని పంచేశారు. "ఏవోయ్ డాక్టరూ, ఇంజను నేను చూసుకుంటాను. ఆ సన్న వైర్లూ నరాలూ నీ డిపార్టుమెంటు" అన్నారు.

స్టీరింగు కింద మూత విప్పి చూద్దును కదా, సేమ్యా ఉప్మా పొయ్యి మీంచి పొంగినట్టుంది. పాత యజమానులు ముగ్గురో నలుగురో, ఎవరికి తోచిన వైరు వారు లాగారు. ఎవరూ పాతది తీయలేదు. ఎర్ర వైరుకి తెల్ల వైరు, తెల్ల వైరుకి ఇంట్లో స్పీకర్లకి వాడే వైరు అతికించి ఉన్నాయి. రేడియో పని చేస్తోందా అంటే చేస్తోంది. కోస్ట్ గార్డు వాళ్ళ వాతావరణ కబుర్లు చక్కగా వినబడుతున్నాయి. పని చేస్తున్నదాన్ని కెలకడం ఎందుకని మూత పెట్టేశాను. మన రోగులు కూడా ఇలాగే అంటారు.

ఆ జులైలో ఒక ఆదివారం మధ్యాహ్నం సరస్సు మధ్యలో ఉండగా నాచు చుట్టుకొని ఇంజను ఆగిపోయింది. డెట్రాయిట్ వైపు నుంచి నల్లటి మబ్బు వస్తోంది. పడవలో పిల్లలు నలుగురు. ఈ సరస్సు లోతు చూస్తే సగటున 11 అడుగులే. కానీ లోతు తక్కువ సరస్సులో గాలి వస్తే కెరటం పొట్టిగా, నిటారుగా లేచి గూబ మీద కొట్టినట్టు కొడుతుంది. నేను రేడియో 16వ ఛానెల్‌లో పెట్టి మైకు మీట నొక్కాను. రేడియో దీపం ఆరిపోయింది. వదిలితే వెలిగింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ ఆరింది. అవతలి వాళ్ళ మాటలన్నీ మాకు వినబడుతున్నాయి, మా మాట ఒక్కటీ పోవడం లేదు. ఆ రోజు మా బావగారు నీళ్ళలోకి వంగి చాకుతో నాచు కోసి ఇంజను నడిపించబట్టి, గాలి వచ్చేలోగా ఒడ్డు చేరాం. అక్కయ్య ఆ రాత్రి మా ఇద్దరితోనూ మాట్లాడలేదు.

మర్నాడు మీటరు పట్టుకొని వెళ్ళాను. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు. రేడియో వెనకాల 12.4. అంతా బాగానే ఉంది మరి! అప్పుడు తట్టింది: మంచం మీద పడుకోబెట్టి ఇ.సి.జి. తీస్తే బాగానే ఉండే రోగిని ట్రెడ్ మిల్ ఎక్కిస్తే అసలు సంగతి బయటపడుతుంది. వి.హెచ్.ఎఫ్. రేడియో వింటున్నప్పుడు అర ఆంపియరు కూడా తాగదు. 25 వాట్లతో మాట్లాడేటప్పుడు 5, 6 ఆంపియర్లు లాగుతుంది. మా అమ్మాయిని మైకు నొక్కి ఉంచమని మళ్ళీ చూశాను. బ్యాటరీ దగ్గర దాదాపు అంతే ఉంది. రేడియో దగ్గర 10 కి పడిపోయింది. రెండు వోల్టులకు పైగా దారిలోనే మాయం.

దారి అంటే ఎంత? బ్యాటరీ నుంచి రేడియోకి 15 అడుగులు. వెళ్ళడం 15, తిరిగి రావడం 15, మొత్తం 30. ఈ తిరుగు దారి లెక్కలో వేసుకోవడం చాలామంది మరిచిపోతారు. 16 గేజి సన్న రాగి తీగ 30 అడుగులకి 0.12 ఓమ్. 6 ఆంపియర్లు దానిలోంచి పోతే 0.72 వోల్టులు పోయినట్టే, అంటే 12 లో 6 శాతం. అదే 12 గేజి వేస్తే 0.29 వోల్టు, రెండున్నర శాతం లోపు. అమెరికాలో పడవల వైరింగుకి ఏ.బి.వై.సి. అని ఒక సంస్థ పెట్టిన ప్రమాణాలున్నాయి. రేడియో, దీపాల వంటి ప్రాణావసరాలకు 3 శాతానికి మించి పోకూడదని వాటి లెక్క. మా పడవలో మిగతా వోల్టున్నర ఎక్కడ పోయిందంటే, అతుకుల్లో. ఇళ్ళలో గోడల మధ్య వాడే ప్లాస్టిక్ టోపీలు తిప్పి వైర్లు కలిపారు. టోపీ విప్పితే లోపల రాగి పచ్చగా, పొడిగా రాలింది.

పడవ ఎప్పుడూ అదురుతూ ఉంటుంది, ఎప్పుడూ తడిగా ఉంటుంది. అందుకని ఒంటి పోగు తీగ పనికిరాదు, విరుగుతుంది. సన్న పోగులు పేనిన తీగ కావాలి, పోగు పోగుకీ తగరం పూత ఉన్నది. అతుకులు నొక్కు యంత్రంతో గట్టిగా నొక్కి, పైన వేడి చేస్తే ముడుచుకుపోయి లోపల జిగురు కారే గొట్టం తొడగాలి. టంకం ఒక్కటే నమ్ముకోకూడదు. టంకం పెట్టిన చోట తీగ బిరుసెక్కి, సరిగ్గా దాని పక్కనే విరుగుతుంది. ఇంకొకటి, బ్యాటరీ నుంచి బయలుదేరిన ప్రతి ఎర్ర వైరుకీ 7 అంగుళాల లోపునే ఫ్యూజు ఉండాలి, తొడుగు వేస్తే కొంత మినహాయింపు ఉంది. ఫ్యూజు రేడియోని కాపాడడానికి అనుకుంటాం. అది వైరుని కాపాడడానికి. రేడియో పోతే రెండు వందల డాలర్లు పోతాయి. వైరు కాలితే పడవే పోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు, ఎర్త్. మా బావగారి సలహా: "నల్లవైరు దగ్గర్లో ఏ ఇనప ముక్కకైనా తగిలించెయ్యవోయ్, ఎర్త్ అయిపోతుంది." కార్లలో ఆయన జీవితమంతా అదే చేశారు, తప్పేం లేదు. కారు ఒళ్ళంతా ఇనుమే కదా, బ్యాటరీ నెగెటివు దానికి కలిపి ఉంటుంది. ఎక్కడ తగిలించినా కరెంటు ఇనుములోంచి బ్యాటరీకి చేరుతుంది. ఫైబర్ గ్లాసు పడవకి అలాంటి ఒళ్ళు లేదు. ఆ ఇనప ముక్క దేనికీ కలిసి ఉండదు, లేదా కలవకూడని దానికి కలిసి ఉంటుంది.

మనం చిన్నప్పుడు నేర్చుకున్న ఎర్త్ వేరు. ఇంటి వెనక గుంట తవ్వి, గొట్టం దింపి, బొగ్గూ ఉప్పూ వేసి, ఎండాకాలం బిందెడు నీళ్ళు పోసేవాళ్ళం. అందువల్ల కరెంటుకి భూమాతలో కలిసిపోవాలని తపన ఉంటుందని మన మనసులో పడిపోయింది. కరెంటుకి ఆ కోరికేమీ లేదు. దానికి ఒకటే ధ్యాస, పుట్టిల్లు. బ్యాటరీలో పుట్టిన కరెంటు బ్యాటరీకే పోవాలి. ఒడ్డున ట్రాన్స్‌ఫార్మరులో పుట్టినది ఆ ట్రాన్స్‌ఫార్మరుకే పోవాలి. మంచి దారి ఇస్తే మర్యాదగా ఆ దారిన పోతుంది. ఇవ్వకపోతే దొరికిన దారిన పోతుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే పడవలో సగం సందేహాలు తీరినట్టే.

కాబట్టి రేడియో, జి.పి.ఎస్., చేపల యంత్రం, దీపాలు, అన్నింటి నెగెటివులూ ఒక రాగి పట్టీ మీదికి తేవాలి. ఆ పట్టీ నుంచి ఒక లావు తీగ బ్యాటరీ నెగెటివుకి. అంతే. ఒకటి పట్టీకి, ఒకటి ఇంజనుకి, ఒకటి ఇంకెక్కడికో తగిలిస్తే ఏమవుతుందో ఇ.సి.జి. తీసే వాళ్ళని అడగండి. కుడి కాలి మీది ఎలక్ట్రోడు ఎండిపోతే గీత బొంత కుట్టినట్టు మందంగా, 60 సైకిళ్ళ గోలతో వస్తుంది. గుండెకి ఏమీ కాలేదు. కొలవడానికి ఆధారమైన చోటు కదిలింది, అంతే. మా చేపల యంత్రం తెర మీద కూడా అడుగు నీరు తోడే పంపు తిరిగినప్పుడల్లా వాన కురిసినట్టు గీతలు వచ్చేవి. పట్టీ వేశాక పోయాయి. ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. ఇంజను నుంచి బ్యాటరీకి పోయే లావు నెగెటివు తీగ వదులైందనుకోండి. తాళం తిప్పగానే స్టార్టరుకి కావలసిన వంద పైచిలుకు ఆంపియర్లు ఇంజనుకి తగిలించిన ఆ సన్న రేడియో వైరులోంచి పుట్టింటికి పోజూస్తాయి. తరవాత సంగతి ఊహించుకోవచ్చు.

జి.పి.ఎస్. కీ రేడియోకీ మధ్య రెండు సన్న తీగలు కలపడం గురించి కూడా చెప్పాలి. ఇప్పటి రేడియోల మీద చిన్న మూత కింద ఎర్ర బొత్తాం ఉంటుంది. మూత తీసి కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే 70వ ఛానెల్ మీద మన పడవ తొమ్మిదంకెల నంబరు, మనం ఉన్న చోటు, దానంతటదే కోస్ట్ గార్డుకీ చుట్టుపక్కల పడవలకీ పోతాయి. కానీ మనం ఎక్కడున్నామో ముందు రేడియోకి తెలియాలిగా? కొన్ని రేడియోలలో జి.పి.ఎస్. లోపలే ఉంటుంది. లేనివాటికి జి.పి.ఎస్. నుంచి రెండు తీగలు కలపాలి: అది మాట్లాడే జత, ఇది వినే జత. రంగులు ఒక కంపెనీకీ ఇంకొక కంపెనీకీ కలవవు, పుస్తకం చూసే కలపాలి. కలిసిందో లేదో తెలుసుకోవడం తేలిక. రేడియో తెర మీద 42 డిగ్రీల ఉత్తరం, 82 డిగ్రీల పడమర అని అంకెలు కనబడాలి. మా రేడియోలో ఆ తీగలు రెండూ చివర టేపు చుట్టి వేలాడుతున్నాయి, నంబరు కూడా ఎవరూ ఎక్కించలేదు. నంబరు అమెరికా నీళ్ళలోనే తిరిగేవారికి ఉచితంగా దొరుకుతుంది. కెనడా రేవులో ఆగేవారు మాత్రం ఎఫ్.సి.సి. లైసెన్సుతో వచ్చే నంబరే తీసుకోవాలి. కొత్తరకం యంత్రాలలో ఒకే వెన్నెముక లాంటి తీగకి అన్నీ తగిలిస్తారు. దాని రెండు కొసలా 120 ఓముల బిరడాలు ఉండాలి. కరెంటు ఆపి సమాచారం పోయే రెండు తీగల మధ్య కొలిస్తే 60 ఓములు రావాలి. 120 వస్తే ఒక బిరడా లేదన్నమాట. దాని పైపొర తీగని కూడా ఒక్క చోటే ఎర్త్‌కి కలపాలి, రెండు చోట్ల కాదు.

ఇదంతా 12 వోల్టుల సంసారం. తప్పు చేస్తే యంత్రం పోతుంది, లేదా నిప్పు పుడుతుంది. ఒడ్డున కట్టేశాక బ్యాటరీ ఛార్జి అవడానికీ హీటరు నడవడానికీ డాక్ మీది స్తంభం నుంచి ఒక లావు పసుపు తాడు లాంటి వైరు తెచ్చి గుచ్చుతాం. అందులో వచ్చేది 120 వోల్టుల ఇంటి కరెంటు. అక్కడ నుంచి కథ మారుతుంది.

ముందు రంగుల గొడవ. మన ఊళ్ళో మనం నేర్చుకున్నది ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రలు, ఆకుపచ్చ ఎర్త్. ఈ దేశంలో ఇంటి కరెంటుకి నలుపే ఫేజు, తెలుపు న్యూట్రలు. పడవలో 12 వోల్టులకి మళ్ళీ నలుపు నెగెటివు. ఒకే పడవలో, ఒకే మూత కింద, ఒక నల్ల వైరు ముట్టుకుంటే ఏమీ కాదు, ఇంకో నల్ల వైరు ముట్టుకుంటే మనిషే ఉండడు. అందుకనే 12 వోల్టుల నెగెటివుకి పసుపు వాడమంటారు. నేను కొత్తగా వేసినవన్నీ పసుపే వేశాను. మూడు చోట్లా మారనిది ఆకుపచ్చ ఒక్కటే.

దాన్నే మేం కోసేశాం.

ఎందుకంటే చెబుతాను. పడవ వెనక నీళ్ళలో ఉండే అల్యూమినియం కాలుకి అరిగిపోవడానికే ఒక లోహపు ముద్ద బిగిస్తారు. ఉప్పు నీటికి జింకు, మంచినీటికి మెగ్నీషియం, రెండింటికీ పనికొచ్చేది అల్యూమినియం. ఆ ముద్ద కరుగుతూ, కాలు కరగకుండా కాపాడుతుంది. మాది ఒక్క వేసవిలో సగానికి పైగా కరిగిపోయింది. మాకు రెండు మూడు పడవల అవతల కట్టుకునే ఒక పెద్దమనిషి రహస్యం చెప్పాడు. ఆకుపచ్చ తీగ ద్వారా డాక్‌లోని పడవలన్నీ, ఇనప స్తంభాలతో సహా, ఒకదానికొకటి కలిసిపోయి ఒక పెద్ద బ్యాటరీ అవుతాయనీ, మన ముద్ద అందరి కోసం అరుగుతోందనీ, ఆ తీగ కోసేస్తే సరిపోతుందనీ అన్నాడు. ఆయన చెప్పిన కారణం నిజం. మందే విషం.

మా బావగారు కటింగ్ ప్లేరు పట్టుకున్నారు, నేను టార్చి లైటు పట్టుకున్నాను. మాకు చేతులు వణకలేదు. ఎలా వణుకుతాయి? మూడు పిన్నుల ప్లగ్గు లేకపోతే రెండు వైర్ల కొసలు ఒలిచి, సాకెట్టులో దూర్చి, అగ్గిపుల్లలు గుచ్చి ఇస్త్రీ చేసుకున్న వాళ్ళం. పై బెజ్జం ఎందుకుందో మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ వేసవి ముద్ద అరగడం తగ్గింది. పిల్లలు నలుగురూ సాయంత్రాలు డాక్ చివర నుంచి దూకి ఈదారు.

ఆ చలికాలం మరీనా వాళ్ళు పాత స్తంభాలు తీసేసి, కరెంటు నీళ్ళలోకి కారుతుంటే దానంతటదే ఆపేసే కొత్త స్తంభాలు పెట్టించారు. వెళ్ళిన కరెంటంతా తిరిగి వచ్చిందా లేదా అని అది చూసుకుంటూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్లు తక్కువ వస్తే కట్టేస్తుంది. వసంతంలో మేం పడవ దింపి గుచ్చగానే టక్కుమని కొట్టేసింది. మళ్ళీ వేస్తే మళ్ళీ కొట్టేసింది. "కొత్త స్తంభం పాడుగా ఉంది" అన్నారు మా బావగారు. పక్క స్తంభానికి గుచ్చితే అదీ కొట్టేసింది. మరీనా ఎలక్ట్రీషియను వచ్చాడు. హీటరు స్విచ్చి ఆపితే స్తంభం నిలుస్తోంది, వేస్తే కొట్టేస్తోంది. హీటరు లోపలి కాయిలు తొడుగు చిట్లి, కరెంటు నీళ్ళ తొట్టి ఒంటికి వస్తోంది. తరవాత అతను గుచ్చే చోటు మూత విప్పి, మేం కోసిన ఆకుపచ్చ కొస చూసి, మా మొహాలు చూసి, "మీ పిల్లలు ఇక్కడ ఈదుతారా?" అని ఒక్క ప్రశ్న వేశాడు.

ఆ ప్రశ్న ఎందుకో ఇప్పుడు చెబుతాను. హీటరు ఒంటికి వచ్చిన కరెంటు పుట్టింటికి పోవాలి. ఆకుపచ్చ తీగ ఉంటే అది దాని లోంచి ఒడ్డుకి పోతుంది, పెద్ద లోపమైతే ఫ్యూజు కొట్టేస్తుంది. ఆ తీగ లేదు. కానీ పడవ లోపల ఆకుపచ్చ తీగ 12 వోల్టుల నెగెటివుకి కలిసి ఉంటుంది, ఉండాలి కూడా. నెగెటివు ఇంజనుకి, ఇంజను నీళ్ళలో ఉన్న కాలుకి. అక్కడ నుంచి నీళ్ళలోంచి ఒడ్డుకి. కాలు నుంచి డాక్ వరకూ నీళ్ళన్నీ కరెంటు దారే. సముద్రపు నీరు మన ఒంటికన్నా కరెంటుని బాగా పోనిస్తుంది. అందుకని మనిషి అడ్డం వచ్చినా ఎక్కువ భాగం పక్కనుంచి పోతుంది. మంచినీరు అలా కాదు, మన ఒళ్ళే దానికన్నా మంచి తీగ. సెంట్ క్లెయిర్ మంచినీటి సరస్సు, మన కొల్లేరు లాగే.

ఎంత కరెంటు కావాలి? ఒక మిల్లీ ఆంపియరు దగ్గర జలదరింపు తెలుస్తుంది. 10, 15 దగ్గర కండరాలు బిగుసుకుపోతాయి, ఈదలేరు, అరవలేరు. 100 దగ్గర గుండె లయ తప్పుతుంది. ఇంట్లో పడుకునేటప్పుడు వేసుకునే చిన్న దీపం తాగేది ఇంతకన్నా ఏమంత తక్కువ కాదు. నీళ్ళలో తడిసిన ఒళ్ళంతా కరెంటు పరుచుకుంటుంది కనక కాలిన మచ్చ ఉండదు. శవపరీక్షలో ఏమీ కనబడదు, మునిగి చనిపోయారని రాస్తారు. ఎన్ని అలా రాశారో ఏ డాక్టరూ చెప్పలేడు. 1999లో ఆరిగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ దగ్గర నదిలో, ఎనిమిదేళ్ళ పిల్లవాడు మరీనాలో ఈదుతూ చనిపోయాడు. లైఫ్ జాకెట్ వేసుకొనే ఉన్నాడు. పక్క పడవ నుంచి కారిన కరెంటు కారణమని తేలింది. 2012 జులై 4న మిసోరీలో ఓజార్క్స్ సరస్సులో ఒకే రోజు రెండు వేర్వేరు డాకుల దగ్గర ముగ్గురు ఇలాగే పోయారు. అందులో ఇద్దరు అక్కాతమ్ముళ్ళు. ఇవి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా పిల్లలు దూకింది డాక్ చివర, పడవ కాలుకి దూరంగా. హీటరు ఆ వేసవిలోనే చిట్లిందో, చలికాలం గడ్డకట్టి చిట్లిందో ఇప్పుడు ఎవరికీ తెలియదు. నేను మాత్రం చలికాలంలోనే అనుకుంటూ ఉంటాను.

ఆకుపచ్చ తీగ మళ్ళీ కలిపించాం. మరి లోహపు ముద్ద అరుగుదల? దానికి మందు ఉంది. గాల్వానిక్ ఐసొలేటరు అని ఒక పెట్టె, ఆకుపచ్చ తీగ మధ్యలో పెడతారు. ముద్దని అరగదీసే కరెంటు ఒక వోల్టు లోపల ఉంటుంది, దాన్ని అడ్డుతుంది. ప్రమాదంలో వచ్చే పెద్ద కరెంటుని దర్జాగా పోనిస్తుంది. తను పాడైపోయినా దారి తెరిచే ఉంచే రకం అడిగి తీసుకోవాలి. మేం కటింగ్ ప్లేరుతో ఆదా చేసింది ఆ పెట్టె ఖరీదు. దానితో పాటు పడవ గుచ్చు దగ్గరే ఇ.ఎల్.సి.ఐ. అనే స్విచ్చి పెట్టించాం. స్తంభంలోని దాని లాంటిదే, 30 మిల్లీ ఆంపియర్లకి సెకనులో పదో వంతు లోపల కట్టేస్తుంది. స్తంభం పాతదైన మరీనాకి వెళ్ళినా మన కాపలా మన దగ్గరే ఉంటుంది. నెలకోసారి దాని పరీక్ష బొత్తాం నొక్కాలి. 120 వోల్టుల ఈ పని ఏదీ నేను నా చేత్తో చేయలేదు. రేడియో వైర్లు మీరే వేసుకోండి, సరదాగా ఉంటుంది. ఇది మాత్రం పడవల ఎలక్ట్రీషియను చేత చేయించండి. ఇంటి ఎలక్ట్రీషియను కూడా పనికిరాడు. ఇంట్లో న్యూట్రలునీ ఎర్త్‌నీ మెయిను దగ్గర కలుపుతారు. ఒడ్డు కరెంటు మీద ఉన్న పడవలో అలా కలిపితే, ఆకుపచ్చ తీగ ఉన్నా, కొంత కరెంటు ఎప్పుడూ నీళ్ళ దారి పడుతుంది.

ఇంక నా డిపార్టుమెంటు. కరెంటు ఉన్న డాకులకి వంద గజాల లోపు మంచినీళ్ళలో ఎవరూ ఈదకూడదు, పిల్లలు అలిగినా సరే. ఈదుతుంటే ఒళ్ళు జివ్వుమన్నదా, నిచ్చెన వైపు రాకూడదు. కాళ్ళు ముడుచుకొని, వచ్చిన దారినే డాక్ నుంచి దూరంగా పోవాలి. నీళ్ళలో ఎవరైనా బిగుసుకుపోతే దూకకండి. దూకిన తండ్రులూ అన్నలూ పోయారు. ముందు స్తంభం స్విచ్చి కట్టేయాలి, వైరు పీకేయాలి. 911 కి ఒకరు ఫోన్ చేయాలి. చెక్క కర్రో, తాడు కట్టిన తేలే వస్తువో అందించి లాగాలి. పైకి తీశాక ఊపిరి లేకపోతే వెంటనే నోటితో ఊపిరి ఇస్తూ ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి, అంబులెన్సు కోసం ఆగకూడదు. మరీనా ఆఫీసులో గుండెకి షాకు ఇచ్చే పెట్టె ఎక్కడ తగిలించి ఉందో ఈ వారమే చూసి పెట్టుకోండి.

మా పడవ మే నెల రెండో శనివారం నీళ్ళలోకి దిగుతుంది. మీలో ఎవరైనా మీ పడవ మూత విప్పి చూసుకోవాలనుకుంటే ఫోన్ చేయండి, మీటరు పట్టుకొని వస్తాను. 12 వోల్టుల వరకూ నేను చూస్తాను, మిగతాది చూసే మనిషి ఫోన్ నంబరు ఇస్తాను. కాఫీ ఇస్తే చాలు. ఆ పాత హీటరు మా బావగారి గరాజులో అల్మరా మీద ఉంది. అక్కయ్య పారేయమంటుంది. ఆయన పారేయనివ్వరు.